ఉప్పునీటి బట్టీలును, వేడిని దాచు పదార్థములును

సముద్రతీర గ్రామములందును, బావినీరు ఉప్పనైన మెట్టపల్లెలందును వేసవిలో మంచినీటికి పడు పాట్లు మన సభ్యులెల్లరు ఎఱిగినవే. పొదిలి ప్రాంతమున త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన ఎముకల వ్యాధి కలుగుచున్నదని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ పల్లెలును ఆ బాధను చిరకాలము అనుభవించినవి. ఇట్టి నీటిని ఎండవేడిమిచే ఆవిరిగా మార్చి, ఆ యావిరిని మరల నీరుగా పట్టుకొనినచో ఉప్పును ఫ్లోరైడును అడుగుననే నిలిచిపోవును. ఇట్టి బట్టీలలో మైనము వంటి వేడిని దాచు పదార్థములను పెట్టినచో రాత్రియు నీరు దిగునని ఇప్పుడు చెప్పుచున్నారు. మాట నిజమే. కాని సంఘపు సొమ్ము వెచ్చించుటకు ముందు లెక్క చూచుకొనుట మంచిదని మా యభిప్రాయము.

ఎండబట్టీ నిర్మాణము సులభమైనది. నల్లరంగు పూసిన లోతులేని తొట్టిలో ఉప్పునీరు పోసి, పైన గాజుపలకను ఏటవాలుగా కప్పుదురు. నీరు కాగి ఆవిరియై, గాజు లోపలితట్టున చెమర్చి, జాఱి, క్రింది కాలువలో చేరును. ఇది నేటి వింత కాదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున లాస్ సలినాస్ అను గని గ్రామములో 1872లోనే ఇట్టి బట్టీలు నిర్మింపబడి, దినమునకు 20,000 లీటర్లకు పైగా నీరిచ్చినవి. మన దేశమున గుజరాతులోని భావనగర్ చెంత అవానియా గ్రామమునను 1978లో బట్టీలు నెలకొల్పబడినవి.

ఇందలి కష్టమంతయు ఆవిరి చేయుటయందే యున్నది. 30 డిగ్రీల నీటిని మరుగు వఱకు కాచుటకు ఎంత వేడి కావలయునో, ఆ మరిగిన నీటినంతయు ఆవిరి చేయుటకు అంతకు ఏడు రెట్లకు మించిన వేడి కావలయును. అందుచే మన ప్రాంతమున మంచి యెండనాడు ఒక చదరపు మీటరుపై పడు వేడియంతయు వ్యర్థము గాక నీటికే చేరినను, సుమారు 8, 9 లీటర్లకు మించి ఆవిరి కాదు. సాధారణపు బట్టీ యిచ్చునది 2 మొదలు 4 లీటర్లు మాత్రమే. తక్కినది గాజు గుండ, అడుగు గుండ, అతుకుల సందుల గుండ పోవుచున్నది.

ఇక వేడిని దాచుట యననేమి? మధ్యాహ్నము కాగిన బండ ప్రొద్దుక్రుంకిన పిదపను వెచ్చగా నుండుట మనమెఱుగుదుము. తొట్టిలో నల్లని గులకరాళ్లు వేయుట ఇందుచేతనే. మైనము ఇంతకంటె గట్టిది. అది కరగునప్పుడు త్రాగిన వేడిని గడ్డకట్టునప్పుడు విడుచును. 60 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు చల్లారునప్పుడు ఒక కిలో రాయి విడుచు వేడికంటె, గడ్డకట్టునప్పుడు ఒక కిలో మైనము విడుచునది సుమారు పదిరెట్లు. రాత్రి గాజు చల్లనై యుండుటచే అప్పటి ఆవిరి త్వరగా నీరగును. ఇది దీనివలని లాభము.

అయినను గాదె ధాన్యమును దాచునే గాని పండింపదు. మైనము పగలు త్రాగినదే రాత్రి యిచ్చును. పగటి నీరు కొంత తగ్గును. 10 కిలోల మైనము విడుచు వేడి యంతయు నీటికే చేరినను ఒక లీటరు పూర్తిగా ఆవిరి కాదు. తొట్టి మైనము కరగునంత కాగనిచో దానివలన ఫలమే లేదు. మైనము వేడిని మెల్లగా గ్రహించును, కరగినప్పుడు ఉబ్బును, డబ్బా కారినచో నీటిని పాడుచేయును. చదరపు మీటరుకు నాలుగైదు లీటర్ల వేడి సందులపాలగుచుండగా ఒక లీటరుకై మైనము కొనుట చిల్లికుండలో నీరు పోయుట వంటిది.

కావున సంఘములు ఈ వరుసను పాటింపవలయునని మా మనవి. మొదట గాజు అతుకులు ఆవిరి పోకుండ బిగింపుడు. తొట్టి అడుగున ఊకయో రంపపుపొట్టో తడి తగులకుండ దట్టముగా పఱచి వేడిని నిలుపుడు. నీటిని రెండు సెంటీమీటర్ల లోతుకు మించనీయకుడు. గాజు దుమ్మును ప్రతిదినము తుడువుడు. పేరిన ఉప్పును కడుగుడు. పిమ్మట గులకరాళ్లు, మైనము అన్నిటికంటె కడపట. క్రొత్త విత్తనమును పాత విత్తనము ప్రక్క మడిలో వేసి పోల్చినట్లే, రాళ్లున్న బట్టీని, లేని బట్టీని ప్రక్కప్రక్కన ఉంచి, నెలదినములు ఉదయ సాయంకాలములు నీరు కొలిచి వ్రాసికొనుడు. విక్రేత మాటకంటె ఆ పుస్తకము నమ్మదగినది.

ఈ నీటితో పైరు తడుపుదుమను ఆశ మాత్రము వలదు. ఎకరమునకు ఒక అంగుళపు తడికి లక్ష లీటర్లకు పైగా కావలయును. చదరపు మీటరుకు 3 లీటర్ల చొప్పున ఒక దినములో అంత నీరు దిగుటకు 8 ఎకరములకు మించిన గాజు పఱపవలయును! కాని అయిదుగురున్న యింటికి త్రాగుటకు 15 లీటర్లు చాలుననుకొన్నచో, 5 చదరపు మీటర్ల బట్టీ సరిపోవును. మబ్బు దినములకై కొంత నిలువ యుంచుకొనవలయును. ఒక్కొక్కరు గాజు కొనుటకంటె సంఘము మూలమున అందఱికి ఒకేమారు కొనుట చౌక. బిడ్డల దాహము తీర్చుటకు ఎండ చాలును. ఆ యెండను సందుల పాలు చేయకుండుట మన పని.