నేర్చుకుంటూ పోయినవాళ్లు



2023 డిసెంబరు 4, సోమవారం. ముందురోజే ఎన్నికల ఫలితాలు వచ్చాయి కాబట్టి హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరి నోట విన్నా ఓట్లూ సీట్లే. ఆ సందడిలోనే టీవీలో ఒక వార్త. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి లేచిన శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర రావెల్లిలో కూలిపోయింది. నేర్పే అధికారి, నేర్చుకునే క్యాడెట్ ఇద్దరూ చనిపోయారు. నా పక్కన కూర్చున్నాయన "యుద్ధమైతే వీరమరణం అనొచ్చు. ఇది ట్రైనింగే కదా!" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఆ మాట నాకు మింగుడుపడలేదు. యుద్ధానికి పోవాలంటే ముందు నేర్చుకోవాలి కదా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలోనే టైగర్ మాత్ విమానాల మీద కుర్రాళ్లకు ఓనమాలు దిద్దించారు. మన హైదరాబాదు బిడ్డ ఇద్రిస్ హసన్ లతీఫ్ గారు 1942లో 18 ఏళ్లకే వైమానిక దళంలో అధికారి అయ్యారు. 1978లో ఆ దళానికే అధిపతి అయ్యారు. ఆయన నేర్చుకుని బతికారు. అదే వయసులో అలా బతకని వాళ్లూ ఉన్నారు.

జాన్ గిలెస్పీ మెగీ అని ఒక కుర్రవాడు. తండ్రి అమెరికన్, తల్లి ఇంగ్లీషు ఆమె, ఇద్దరూ మిషనరీలు. చైనాలోని షాంఘైలో 1922లో పుట్టాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుకు స్కాలర్‌షిప్ వచ్చినా కాదనుకుని 1940లో కెనడా వైమానిక దళంలో చేరాడు. (స్కాలర్‌షిప్ కోసం మనం ఎన్ని సంతకాలకు తిరుగుతామో మీకు తెలుసు. ఆ వదులుకోవడం ఎంత పెద్దదో మనకే బాగా అర్థమవుతుంది.) 1941లో ఇంగ్లండు నుంచి అమ్మానాన్నలకు రాసిన ఉత్తరంలో, ఎగరడంలోని ఆనందం గురించి పద్నాలుగు పంక్తుల కవిత పంపాడు. ఆ డిసెంబరు 11న అభ్యాసం ముగించి మబ్బుల్లోంచి కిందికి దిగుతుండగా అతని స్పిట్‌ఫైర్ మరో విమానాన్ని ఢీకొంది. దూకాడు గానీ పారాచూట్ విచ్చుకునేంత ఎత్తు లేదు. వయసు 19. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు చనిపోయిన రోజు అమెరికా అధ్యక్షుడు రీగన్ తన ప్రసంగంలో ఆ కవితలోని మాటలనే వాడాడు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ రెండో విమానంలో ఎవరున్నారు? ఎర్నెస్ట్ గ్రిఫిన్. క్రాన్‌వెల్‌లో శిక్షణ పొందుతున్న విద్యార్థి. అతనికీ 19 ఏళ్లే. అతనూ ఆ క్షణంలోనే పోయాడు. అతను కవిత రాయలేదు, అంతే తేడా. మెగీ కథ చెప్పేటప్పుడు చాలామంది గ్రిఫిన్‌ను "మరో విమానం" అని దాటేస్తారు.

క్యాంటీన్‌లో ఆయన్ని తప్పుపట్టాను గానీ, నేను చేసింది కూడా అదే.

మన హాస్టల్‌లో నా ట్రంకు పెట్టె పక్కనే పెట్టె పెట్టుకున్న వాడొకడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఐదు కిలోమీటర్ల పరుగు ఉండేది. దానికోసం నాలుగు గంటలకే లేచి, మమ్మల్ని లేపకుండా చెప్పులు చేత్తో పట్టుకుని బయటికెళ్లి, రోడ్డు మీద పరుగెత్తేవాడు. సెలెక్షన్‌కు ఇంకా తొమ్మిది రోజులుందనగా చీకట్లో లారీ గుద్దింది. ఆ ఏటి వార్షికోత్సవ సంచికలో ఉద్యోగాలు వచ్చినవాళ్ల పేర్లు, ఫొటోలు వేశాం. జాబితా తయారు చేసింది నేనే. వాడి పేరు రాయలేదు. ఉద్యోగం రాలేదు కదా అనుకున్నాను!

వచ్చే ఏడు నుంచి మన సంచికలో ఒక పేజీ వాళ్లకివ్వాలని నా అభిప్రాయం. చదువు మధ్యలో, పరీక్షకు ముందు, జ్వరంతోనో ప్రమాదంలోనో పోయిన మన పిల్లలందరి పేర్లు, ఊర్లు, వాళ్లు ఏం కావాలనుకున్నారో రాయాలి. ఉద్యోగాల జాబితాకు ముందు పేజీలోనే వెయ్యాలి. వెనక అట్ట లోపల కాదు. "పండగపూట చావు మాటలెందుకు" అని కొందరు పెద్దలు అనవచ్చు. ఆ పిల్లల అమ్మానాన్నలను కూడా వార్షికోత్సవానికి పిలిచి, ముందు వరుసలో కూర్చోబెట్టి, తర్వాత అడుగుదాం.

వాడి పేరు, ఊరు, చివరి రోజుల్లో ఐదు కిలోమీటర్లు ఎంత సమయంలో పరుగెత్తేవాడో నా పాత నోట్‌బుక్కులో ఉంది. వాళ్ల అమ్మగారిని అడిగి, ఆమె సరేనంటే సంపాదకవర్గానికి పంపిస్తాను.