ఆ మందును దించే మందు నా దగ్గర లేదు



పోయిన వారం ఒక యువకుడు మా దవాఖానాకు వచ్చాడు. జబ్బేమీ లేదు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు: "హకీం సాబ్, నిషా గంటలో దిగిపోయే దవా ఏదైనా ఉందా? పోలీసులు ఊదమంటే దొరక్కూడదు." వచ్చే నెల కృష్ణగిరిలో స్నేహితుడి పెళ్లట. రాత్రికి రాత్రే మోటారు సైకిల్ మీద హోసూరుకు తిరిగి రావాలట. మర్యాద తెలిసిన పిల్లవాడే. పొద్దున షిఫ్టు తప్పకూడదన్న బాధ్యత కూడా ఉన్నవాడు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. చాలామంది అడుగుతుంటారు కాబట్టి, ఈ వారం కీళ్లనొప్పుల సంగతి పక్కన పెట్టి దీనికే జవాబు రాస్తున్నాను.

జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, లేదు. యునానీలో లేదు, ఆయుర్వేదంలో లేదు, ఇంగ్లీషు వైద్యంలోనూ లేదు. మన తెలుగువాళ్లం సారాను, ఔషధాన్ని రెంటినీ "మందు" అనే అంటాం. కానీ ఆ మందును దించే మందు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు.

ఎందుకు దిగదు?

మెదడు, గుండె, కాలేయం ఈ మూడింటినీ యునానీ వైద్యంలో ముఖ్య అవయవాల్లో లెక్కిస్తాం. దిమాగ్, కల్బ్, జిగర్ అని పేర్లు. తాగితే జిగర్ చెడుతుందని అందరికీ తెలుసు. దానికి ఏళ్లు పడుతుంది. దిమాగ్ చెడడానికి అరగంట చాలు. దిమాగ్‌కు రెండు శక్తులున్నాయని మా గ్రంథాలు చెబుతాయి. చూసి, విని గ్రహించే శక్తి కువ్వతె ముద్రికా. కాలూ చేయీ కదిలించే శక్తి కువ్వతె ముహర్రికా. సారా ఈ రెంటినీ దెబ్బ తీస్తుంది. ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో కన్ను తప్పు చెబుతుంది. బ్రేకు మీద కాలు ఆలస్యంగా పడుతుంది. ఈ రెంటికన్నా ముందే పోయేది ఇంకొకటుంది. తన సంగతి తాను తెలుసుకునే వివేకం. అందుకే తాగినవాడు "నేను బాగానే ఉన్నాను" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అతనికి నిజంగా అలాగే అనిపిస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఇక లెక్క చూడండి. బ్రాందీ, విస్కీ వంటి వాటిలో నూటికి సుమారు 43 పాళ్లు ఆల్కహాలు ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో దాదాపు 60 గ్రాములు. ఆరోగ్యవంతుడి కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాముల దాకా ఖర్చు పెట్టగలదు. అంటే ఒక్క క్వార్టరు పూర్తిగా దిగడానికి ఆరు నుంచి ఎనిమిదిన్నర గంటలు కావాలి. రాత్రి పదకొండుకు తాగడం ముగించినవాడి రక్తంలో తెల్లవారి అయిదుకు కూడా సారా మిగిలే ఉండవచ్చు. నిద్ర లేచి, ముఖం కడుక్కుని, టీ తాగి ఆరు గంటల షిఫ్టుకు బండి తీసేవాడు తాను తాగి నడుపుతున్నానని అనుకోడు. "బీరే కదా" అనేవాళ్లకు కూడా ఒక మాట. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 40 గ్రాముల దాకా ఉంటుంది. అది నాలుగు చిన్న పెగ్గులతో సమానం.

నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం, చిక్కటి కాఫీ వీటిలో ఏదీ ఈ లెక్కను మార్చదు. కాఫీ తాగితే మత్తులో తూగేవాడు మత్తులో మేలుకుంటాడు, అంతే. సోంపు, ఏలకులు, పాన్ నోటి వాసనను కప్పుతాయి. పోలీసుల యంత్రం చూసేది ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిని.

నేను చేసిన తప్పు

ఇంత ఖచ్చితంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఒక రాత్రి దవాఖానా మూసే వేళకు తెలిసిన మేస్త్రీ ఒకతను స్కూటరు మీద వచ్చాడు. కడుపులో మంటగా ఉంది, తల తిరుగుతోంది అన్నాడు. తాగాడని వాసనే చెప్పింది. సికంజబీన్ షర్బత్ చన్నీళ్లలో కలిపి ఇచ్చాను. పది నిమిషాలు బల్ల మీద కూర్చున్నాడు. "ఇప్పుడు తేటగా ఉంది సాబ్" అన్నాడు. మాట సరిగానే ఉంది, నడక కూడా సరిగానే ఉంది అనిపించింది. పోనిచ్చాను.

బైపాసు దగ్గర, పూలబుట్ట పక్కన పెట్టుకుని బస్సు కోసం నిలబడిన ఒక ఆడమనిషిని అతను గుద్దాడు. ఆమె ప్రాణం పోలేదు. తుంటి ఎముక విరిగింది. మళ్లీ బుట్ట నెత్తిన పెట్టుకోలేకపోయింది. ఎనిమిదో తరగతి చదివే కూతురు బడి మానేసి ఆ బుట్ట ఎత్తుకుంది. ఆ పిల్ల చాలాకాలం మా వీధిలోనే పూలు అమ్మేది. నేను కొనేవాణ్ని. ధర అడిగేవాణ్ని కాదు. ముఖం చూసి మాట్లాడగలిగేవాణ్ని కాదు.

నా షర్బత్ అతని కడుపు మంటను తగ్గించింది. ఒంట్లో ఉన్న సారాను ఒక్క చుక్క కూడా తగ్గించలేదు. తేటగా ఉన్నాననే ధైర్యం మాత్రం ఇచ్చింది. ఆ రాత్రి నేను ఇవ్వాల్సింది షర్బత్ కాదు. తీసుకోవాల్సింది స్కూటరు తాళం.

ఆ తాళం ఎవరు తీసుకోవాలి?

మన హోసూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే అటు కర్నూలు మీదుగా హైదరాబాదుకు పోతుంది. దీపావళి వెళ్లిన నాలుగో రోజు, 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున ఈ రోడ్డు మీదే కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఏం జరిగిందో మీరంతా చదివారు. ఒక యువకుడి మోటారు సైకిల్ డివైడరుకు తగిలి అతను పోయాడు. బండి రోడ్డు మీద పడి ఉంది. హైదరాబాదు నుంచి బెంగళూరు వస్తున్న ప్రైవేటు బస్సు దాని మీదికెక్కి ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఎవరు ఎవరో తెలుసుకోవడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఆ యువకుడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సు సంగతి, డ్రైవరు సంగతి చట్టం చూసుకుంటుంది. నేను ఆలోచించేది ఆ యువకుడి గురించి. వెనక స్నేహితుడు కూర్చుని ఉన్నాడు. కొద్ది నిమిషాల ముందు ఇద్దరూ పెట్రోలు బంకులో ఆగారు. అక్కడ ఎవరైనా ఒక్కరు ఆ తాళం తీసుకుని ఉంటే 20 ప్రాణాలు పోయేవి కాదు. ఆ ఇరవైలో ఆ యువకుడి ప్రాణం కూడా ఉంది. కొడుకు పోయిన దుఃఖం మీద, కొడుకు వల్ల ఇంతమంది పోయారనే మాట కూడా మోయాల్సిన ఆ ఇంటివాళ్ల గతి ఏమిటో తలచుకోండి.

చట్టం ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి 15,000 రూపాయలు లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. సొంత బండికి జరిగిన నష్టానికి ఇన్సూరెన్సు కంపెనీ పైసా ఇవ్వదు. దుకాణాల సంగతీ కోర్టు చూసింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు సారా దుకాణాలు ఉండకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పింది. మునిసిపాలిటీల పరిధిలో ఇది వర్తించదని 2017 జూలైలో స్పష్టం చేసింది. మంచి తీర్పే. కానీ 500 మీటర్లు బండి మీద ఒక్క నిమిషం దారి. పోలీసు ప్రతి మలుపులోనూ నిలబడలేడు. తాగినవాడు తన తాళం తానే ఇచ్చేయడు, ఎందుకంటే వివేకం ముందే పోయింది. మిగిలింది పక్కనున్న మనమే.

ఇక్కడే మనవాళ్లతో నాకు పేచీ. పెళ్లి మండపం వెనక సీసాలు ఏర్పాటు చేస్తాం, అర్ధరాత్రి బండ్లు స్టార్టు అవుతుంటే "జాగ్రత్తగా పో నాయనా" అని చేతులు ఊపుతాం. పెద్దవాళ్లం చూసీ చూడనట్టు ఉంటాం. బంధువుల ముందు పరువు పోతుందని, తాళం అడిగితే గొడవవుతుందని భయం. మరునాడు ఆసుపత్రి వరండాలో నిలబడ్డప్పుడు ఆ పరువు ఏ పనికొస్తుంది? పోస్తే పోశారు, పడుకోవడానికి చాప కూడా వేయండి. నా దృష్టిలో, తాగినవాడిని బండి ఎక్కనిచ్చినవాడు కూడా పాపంలో భాగస్వామే. ఆ లెక్కన నేనూ ఒకణ్నే.

వైద్యుడిగా నాలుగు మాటలు

వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణం తేల్చుకోండి. బస్సో, ఆటోనో, రాత్రికి అక్కడే పడకో. తాగాక తీసుకునే నిర్ణయం నిర్ణయం కాదు.

తాగినవాడితో వాదించకండి. మెల్లగా మాట కలిపి, ముందు అన్నం పెట్టి, తాళం జేబులో వేసుకోండి. ఇవ్వకపోతే కనీసం వెనక కూర్చోకండి, మీ పిల్లల్ని కూర్చోనివ్వకండి.

మత్తులో లేపినా లేవకుండా, ఊపిరి నెమ్మదిగా ఆగి ఆగి వస్తుంటే అది నిద్ర అనుకోవద్దు. వాంతి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఒంటరిగా వదలకండి.

రోజూ తాగేవాళ్లకు పొద్దున్నే చేతులు వణుకుతుంటే ఒక్కసారిగా సొంతంగా మానేయకండి. ఫిట్సు రావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు పర్యవేక్షణలో మానాలి. ఆ తర్వాత జిగర్ బలానికి కాస్నీ వంటివి మేమూ ఇస్తాం. తాగుతూ ఉండగా వచ్చి అడిగితే మాత్రం ఇవ్వం.

ఇక ఆ యువకుడి సంగతి. "పెళ్లికి బస్సులో వెళ్లు నాయనా. బండి మా దవాఖానా ముందు పెట్టు, తాళం నాకివ్వు. మరునాడు మధ్యాహ్నం భోంచేసి వచ్చి తీసుకో. నా దగ్గరున్న దవా ఇదొక్కటే" అన్నాను. నవ్వాడు. అవుననలేదు, కాదనలేదు. వెళ్లిపోయాడు.

తాళాలు తగిలించడానికి గోడకు ఒక మేకు కొట్టి ఉంచాను. అతను వస్తాడనే అనుకుంటున్నాను.