ఇంటి చదువు అంటే ఇంటి చాకిరీ కాదండి

వీడియోలో జీవామృతం కలుపుతున్నది మా అమ్మాయిలే. ఇద్దరికీ ఇంట్లోనే చదువు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. మరి 30 సెంట్ల మడికి ఎంత? అదే వాళ్ల లెక్కల పాఠం.

కానీ ఒక్క మాట. "ఎలాగూ ఇంట్లోనే ఉందిగా" అని అంట్లు, కలుపు, పాలు అన్నీ ఆడపిల్ల నెత్తిన వేస్తే అది చదువు కాదు, జీతం లేని పాలేరుతనం. మా ఇంట్లో పొద్దున 10 నుంచి 1 దాకా వాళ్లని ఎవరూ పనికి పిలవకూడదు. 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయించవచ్చు, తప్పకుండా రాయించండి. చేతిలో సర్టిఫికెట్ లేకపోతే చుట్టాలు తెచ్చేది పెళ్లి సంబంధమే.