పుట్టిన ఇంటి జాతకం

బాపట్ల, చీరాల మధ్య రైలు స్టూవర్టుపురం స్టేషను దాటుతుంటే, చెయ్యి తెలియకుండానే సూట్‌కేసు మీదికి పోయే ప్రయాణికులున్నారు. వాళ్లలో ఎక్కువమంది దొంగల ఊరని పేరుపడ్డ ఆ ఊళ్లో ఎప్పుడూ కాలు పెట్టినవాళ్లు కారు. అదేమని అడిగితే మాత్రం "నిప్పు లేందే పొగ వస్తుందా?" అంటారు. ఆ నిప్పు ఎవరు రాజేశారో చూద్దాం.

ఆ ఊళ్లో ఎక్కువగా ఉండే ఎరుకల తెగవాళ్లు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, ధాన్యం తెచ్చుకునే వర్తకులు. బుట్టలల్లేవారు, పందులు పెంచేవారు. ఉప్పు మీద సర్కారు పెత్తనం, ఆ వెనకే వచ్చిన రైళ్లు ఆ వర్తకాన్ని మింగేశాయి. అడవి చట్టాలు వెదురునూ అందనివ్వలేదు. బతుకుతెరువు పోయి ఊరూరా తిరిగేవాణ్ణి తెల్లదొర అనుమానించాడు. ఆ అనుమానానికి సిద్ధాంతం సమకూర్చింది మన కులవ్యవస్థే. సాలెవారి బిడ్డ మగ్గమెక్కుతాడు, కుమ్మరి బిడ్డ సారె తిప్పుతాడు, కాబట్టి దొంగతనానికీ ఓ కులం ఉండి తీరాలి!

1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. ఒక తెగ పేరు ప్రకటించాక అది సబబేనా అని ఏ కోర్టూ అడగకూడదని అందులోనే రాసుకున్నారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ దిగింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించిన ఎరుకలవాళ్ల సెటిల్మెంటు ఒకటి బాపట్ల దగ్గర వెలిసింది. గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఊరి పేరైంది. వేలిముద్రలు, హాజరు, గీత దాటాలంటే పాసు. పాసు లేకుండా చుట్టాల పెళ్లికి వెళ్లినా నేరమే.

ఎక్కడ ఇల్లు పగిలినా పోలీసులు ముందు వచ్చేది ఇక్కడికే. వెతికిన వీధిలో దొంగ దొరుకుతాడు, వెతకని వీధిలో దొంగ దొరలా తిరుగుతాడు. హాజరు తప్పిన కేసులు దీనికి అదనం. అలా నిండిన రిజిస్టరునే రుజువుగా చూపించారు. అక్కడ దొంగలే లేరని ఎవరూ అనడం లేదు, పేరుమోసిన వాళ్లే ఉన్నారు. కానీ చిట్టీల డబ్బుతో ఉడాయించిన పెద్దమనిషిని తిట్టేటప్పుడు అతని కులాన్ని దొంగకులం అనమేం?

దీనికి కొంత జవాబు ఓ ప్రయోగంలో ఉంది. 1976లో హామిల్టన్, గిఫర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు గుంపుల మనుషులు చేసిన పనుల గురించి చిన్న చిన్న వాక్యాలు కొందరితో చదివించారు. పెద్ద గుంపువి 18 మంచి పనులు, 8 చెడ్డవి. చిన్న గుంపువి 9 మంచి, 4 చెడ్డ. పాళ్లు ఒకటే. చదివినవాళ్లకు మాత్రం చిన్న గుంపులోనే చెడు ఎక్కువున్నట్టు తోచింది. అరుదుగా కనిపించేవాడు అరుదైన పని చేస్తే మనసు ఆ రెంటినీ కలిపి ముడేస్తుంది. ఏ పగా లేని మనసు కూడా ఇంత పని చేస్తుంది. దానికి చట్టం, రిజిస్టరు, సినిమా తోడైతే చెప్పేదేముంది?

"వాళ్ల రక్తంలోనే ఉందండీ" అనేవాళ్లలో జాతకాలను వెక్కిరించే చదువుకున్నవాళ్లూ ఉండటం నాకు విడ్డూరం. జాతకం పుట్టిన వేళను బట్టి మనిషిని తేలుస్తుంది, ఇది పుట్టిన ఇంటిని బట్టి తేలుస్తుంది. జాతకానికైతే శాంతి చేయిస్తారు, దీనికి ఆ వెసులుబాటూ లేదు.

రక్తమే కారణమైతే లవణం, హేమలత దంపతులకు అక్కడ పనే ఉండకూడదు. ఆయన నాస్తికుడు గోరా కొడుకు, ఆమె కవి జాషువా కూతురు. 1970లలో ఆ ఊరి మనుషులతో కూర్చుని మాట్లాడి, చదువులకూ బతుకుతెరువుకూ దారి వెతికారు. చాలామంది మారారు. మారినవాళ్లు రక్తం మార్పించుకోలేదు.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ ఖాళీలోకి అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చి కూర్చున్నాయి. ఈ తెగలను పుట్టుకను బట్టి నేరస్తులుగా చూసే జైలు నిబంధనలను సుప్రీంకోర్టు తప్పుపట్టడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. సినిమావాళ్లయితే 1991లోనే 'స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' అని రెండు తీశారు. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వస్తోందంటే, ఊరినీ ఎరుకల వాళ్లనూ కించపరుస్తోందంటూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పిటిషను పడింది. సినిమా మాత్రం దసరాకి విడుదలైంది.