జడ్జీలు నోరు విప్పేసరికి గుండెదడ

తమిళనాడు సరిహద్దున ఉన్న ఒక చిన్న పట్టణం నుంచి ఒక గృహిణి ఉత్తరం వ్రాశారు. వయస్సు 44. డిగ్రీ చదివే కొడుకుతో కలిసి, రాత్రి భోజనాలయ్యాక 'నాళైయ ఇయక్కునర్' పాత భాగాలను యూట్యూబ్‌లో చూస్తున్నారట. కుర్రవాడికి సినిమాలు తీయాలని కోరిక. "పిల్లలు తీసిన సినిమా చూస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది డాక్టరుగారూ. అది అయిపోయి, తీసినవాడు వేదిక మీద నిలబడి, జడ్జీలు నోరు విప్పేసరికి నాకు గుండె దడదడలాడుతుంది. అరచేతులు చెమర్చుతాయి. ఇదేమైనా గుండెజబ్బా? చూడటం మానేయమంటారా?" అని అడిగారు. ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకొక వాక్యం ఉంది: "మావారు కూడా ఈమధ్య వాడితో ఆ జడ్జీల మాదిరే మాట్లాడుతున్నారు." ఆ వాక్యం దగ్గరకు తరువాత వస్తాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. 'నాళైయ ఇయక్కునర్' అంటే రేపటి దర్శకుడు. 2010 ప్రాంతంలో చెన్నైలోని కలైజ్ఞర్ టీవీ నడిపిన పోటీ అది. సినిమా రంగంతో పరిచయం లేని కుర్రాళ్లు పొట్టి సినిమాలు తీసుకొచ్చి చూపించేవారు. పేరున్నవారు అక్కడికక్కడే తీర్పు చెప్పేవారు. అందులో పాల్గొన్న కార్తీక్ సుబ్బరాజ్ 2012లో 'పిజ్జా' తీశారు, నలన్ కుమారస్వామి 2013లో 'సూదు కవ్వుం' తీశారు. 2012లో తెలుగులో వచ్చిన 'లవ్ ఫెయిల్యూర్' దర్శకుడు బాలాజీ మోహన్ కూడా ఆ పోటీలో నిలబడినవారే. అంచేత ఇంట్లో కుర్రవాడు కళ్లప్పగించి చూస్తున్నాడంటే ఊరికే పొద్దుపుచ్చుతున్నాడని కొట్టిపారేయకండి.

ఇక గుండె సంగతి. అమ్మా, మీరు వ్రాసినదాన్ని బట్టి చూస్తే అది గుండెజబ్బులా అనిపించడం లేదు. అయితే ఉత్తరం చదివి గుండెను పరీక్షించలేను గదా! దడ వచ్చినప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. కుదురుగా కూర్చున్న మనిషికి 60 నుంచి 100 దాకా ఉండవచ్చును. ఉద్వేగంలో కొంత పెరిగి, కాసేపట్లో దానంతటదే దిగితే కంగారు లేదు. ఏ కారణమూ లేకుండా దడ వస్తున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా ఒకసారి ఇ.సి.జి., రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. మీ వయస్సు ఆడవారిలో రక్తహీనత, థైరాయిడ్ లోపాలు దడ రూపంలో బయటపడటం మామూలే. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరిగి పడిపోవటం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మరి జడ్జీల దగ్గరే దడ ఎందుకు? దీనికి జర్మనీవారు చేసిన ఒక తమాషా పరీక్ష ఉంది. ట్రయర్ విశ్వవిద్యాలయం వారు 1993లో దాన్ని ప్రకటించారు. మనిషిని ముగ్గురు నలుగురు పరీక్షకుల ముందు నిలబెడతారు. వాళ్లు నవ్వరు, తల ఊపరు. వాళ్లెదుట అయిదు నిమిషాలు ఉపన్యాసం ఇవ్వాలి, మరో అయిదు నిమిషాలు నోటిలెక్కలు చేయాలి. ఆ తరువాత ఉమ్మిలో కార్టిసోల్ అనే హార్మోను కొలుస్తారు. అది చాలామందిలో రెండింతలు, అంతకంటె పైకి కూడా ఎగబాకుతుంది. ఎదుటివాళ్లు మనల్ని తూకం వేస్తున్నారనే భావన శరీరాన్ని అంతగా కుదిపేస్తుంది. టీవీవారికి ఈ పరీక్ష సంగతి తెలుసో లేదో గాని, వారి వేదికలన్నీ అచ్చం అలాగే ఉంటాయి. పైగా వారు ఫలితం చెప్పబోయే ముందు ప్రకటనలు వేస్తారు!

చూసేవాళ్ల మాటేమిటి అంటారా? 2014లో లైప్‌జిగ్, డ్రెస్డెన్ నగరాల పరిశోధకులు అదీ కొలిచారు. ఒకరు ఇలా ఇరుకున పడుతుంటే ఊరికే చూస్తూ కూర్చున్నవారిలో 26 శాతం మందికి కార్టిసోల్ పెరిగింది. బొత్తిగా పరిచయం లేనివారిని చూస్తేనే 10 శాతం మందికి పెరిగింది. నిలబడినది తన భర్తో, భార్యో, ప్రేమించిన మనిషో అయితే 40 శాతం మందికి. వీడియోలో చూసినవారిలోనూ 24 శాతం మందికి పెరిగింది. వేదిక మీద ఉన్న కుర్రవాడిలో మీకు మీ అబ్బాయి కనిపిస్తున్నాడు తల్లీ. మీ దడకు నాకు తోచే కారణం అది.

ఇప్పుడు ఆ చిన్న అక్షరాల వాక్యం.

పదిహేనేళ్ల కిందట నేను కూడా అలాంటి సరిహద్దు ఊళ్లోనే పనిచేశాను. ఇంటర్ చదివే ఒక కుర్రవాణ్ణి తల్లి తీసుకొచ్చింది. తెల్లవారితే కడుపునొప్పి, వాంతులు. నేను గ్యాస్ట్రిక్ మాత్రలు వ్రాసి పంపాను. మళ్లీ వచ్చారు, మాత్రలు మార్చాను. రద్దీ ఎక్కువ అని ఇప్పుడు సాకు చెప్పుకోవచ్చు గాని, అడగవలసిన ప్రశ్న అడగలేదు. మూడోసారి తల్లి స్కానింగు రిపోర్టు కోసం బయటికి వెళ్లినప్పుడు వాడే చెప్పాడు. మేనమామ కెమెరాతో ఎనిమిది నిమిషాల సినిమా తీశాడట. తండ్రి ఒక ఆదివారం చుట్టాలందరినీ కూర్చోబెట్టి, దాన్ని టీవీకి తగిలించి, పోటీలో మాదిరి అందరిచేతా మార్కులు వేయించాడు. తాను పదికి రెండు వేశాడు. అందరూ నవ్వారు. అప్పటినుంచి అన్నం దగ్గర "ఏం డైరెక్టరుగారూ" అనే పిలుపు.

తండ్రిని పిలిపించాను. చెడ్డవాడు కాదు, కొడుకు రాటుదేలాలనుకున్నాడు. "నెల రోజులు మార్కులు వేయకండి" అంటే కోపం వచ్చింది. "రేపు లోకం వేయదా సార్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పిందిది: టీవీలో నిలబడినవాడు తనంతట తాను దరఖాస్తు పెట్టుకుని వెళ్లాడు. తీర్పు చెప్పేది ఆ పని తెలిసిన మనిషి. ఎంత కటువుగా మాట్లాడినా అది అయిపోయాక వాడు ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటాడు. మీవాడికి ఆ ఇల్లే వేదిక అయింది, ఇంకెక్కడికి పోతాడు?

నొప్పి రాత్రికి రాత్రి పోలేదు. ఆరు వారాలు పట్టింది, పరీక్షలప్పుడు మళ్లీ తిరగబెట్టింది కూడా. ఆ కుర్రవాడు సినిమా దర్శకుడు కాలేదు. పెళ్లి వీడియోలు తీస్తున్నాడు, బాగానే ఉన్నాడు.

కాబట్టి మీవారికి ఈ పేజీ చూపించండి. అబ్బాయి సినిమా చూపిస్తే, ముందు "ఇందులో మేము ఏం చూడాలనుకున్నావురా?" అని అడగండి. మీకు ఎక్కడ అర్థం కాలేదో ఆ ఒక్కచోటు చెప్పండి. సినిమా సంగతి తెలియకపోతే తెలియదనండి, పరువేం పోదు. చుట్టాల ముందు మాత్రం వద్దు.

చూడటం మానవలసిన పనిలేదు, వేళ మార్చుకోండి. పడుకోవటానికి గంట ముందే తెర కట్టేయాలి. ఆ ఉద్వేగంతో పడుకుంటే నిద్ర పట్టదు, తెర వెలుతురు కూడా నిద్రకు అడ్డమే. ఇరవై ఏళ్లవాడికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. కళ్లు పాడవుతాయని కొందరు భయపెడతారు గాని, తెర చూసేటప్పుడు రెప్పలార్పటం తగ్గి కళ్లు ఎండి మండుతాయి, అంతే. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరానికి 20 సెకన్లు చూపు మళ్లిస్తే చాలు.

ఒక్క విషయంలో అశ్రద్ధ పనికిరాదు. కుర్రవాడు రెండు వారాలపాటు సరిగా తినకుండా, నిద్రపోకుండా, స్నేహితులకు దూరంగా ఉంటే కనిపెట్టండి. "నేనెందుకూ పనికిరాను" అంటున్నా, ప్రాణంగా చూసుకునే కెమెరాను ఎవరికో ఇచ్చేస్తున్నా, రెండు వారాలు కూడా ఆగకుండా ఆరోజే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. చచ్చిపోవాలనుందా అని సూటిగా అడగవచ్చును. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. టెలిమానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మా, నాడి ఎంత ఉందో, హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో మళ్లీ వ్రాయండి. రాత్రిపూట కాఫీ తాగే అలవాటుంటే అదీ వ్రాయండి.