నేరుపళ్ళా, వాలుపళ్ళా? – చిన్న వాహనమునకు తగిన గేరు

రిమోట్ కంట్రోల్‌తో నడచు చిన్న వాహనమును కేవలము పిల్లల ఆటవస్తువని తీసివేయువారు నేటికిని కలరు. ఆ చిన్న బండిలో విద్యుచ్ఛక్తి, రేడియో తరంగములు, యంత్రగతి అను మూడు పాఠములు ఒక్కచోట కూడియున్నవని వారు గమనింపరు. తన చేతులతో విప్పి, మరల కూర్చి, ఫలితమును ఆ సాయంకాలమే మైదానములో కన్నులార చూడగల అవకాశము విద్యార్థికి తరచుగా దొరకునది కాదు. ఇట్టి వాహనములను నిర్మింపదలచిన వారికి మొదట ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. మోటారు శక్తిని చక్రములకు చేర్చుటకు నేరుపళ్ళ గేర్లు మేలా, వాలుపళ్ళ గేర్లు మేలా? దీనిపై మా అభిప్రాయమును విద్యార్థుల యెదుటను, కళాశాల కమిటీ పెద్దల యెదుటను ఉంచుచున్నాము.

నేరుపళ్ళ గేరులో, అనగా స్పర్ గేరులో, పళ్ళు ఇరుసునకు సమాంతరముగా ఉండును. ఒక పన్ను తన వెడల్పు అంతటితో ఒక్కసారిగా ఎదుటి పంటిని తాకును. వాలుపళ్ళ గేరులో, అనగా హెలికల్ గేరులో, పళ్ళు ఏటవాలుగా ఉండుటచే తాకిడి ఒక కొసన మొదలై క్రమముగా రెండవ కొసకు ప్రాకును. ఒక పన్ను విడువక మునుపే మరియొకటి భారమును అందుకొనును.

ఈ భేదమే శబ్దమునకు కారణము. మోటారు నిముషమునకు 15,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. దాని ఇరుసునకు బిగించిన చిన్న గేరునకు, అనగా పినియన్‌నకు, 20 పళ్ళున్నచో సెకనునకు 5,000 సార్లు పళ్ళు కలియును. నేరుపళ్ళ బండి చేయు సన్నని కూత అదియే. సామాన్యముగా కార్లలో ముందునకు నడుపు గేర్లకు వాలుపళ్ళను వాడుదురు. వెనుకకు నడుపు గేరునకు మాత్రము పలు కార్లలో నేరుపళ్ళు ఉండును. అందుకే కారును వెనుకకు నడుపునపుడు ఆ ప్రత్యేకమైన రొద వినవచ్చును. వెడల్పు సమానమైనపుడు వాలుపళ్ళు ఎక్కువ భారమును మోయగలవనుట కూడ నిజమే.

ఇంత మేలున్నపుడు వాలుపళ్ళనే కోరరాదా అని కొందరు అడుగవచ్చును. దూరపు కొండలు నునుపు. ఏటవాలు పన్ను ఎదుటి గేరును త్రిప్పుటయే కాక, ఇరుసు వెంబడి ప్రక్కకు కూడ నెట్టును. వాలు 20 డిగ్రీలైనచో త్రిప్పు బలము 100 పాళ్ళకు ప్రక్క త్రోపు సుమారు 36 పాళ్ళు. వాలు 45 డిగ్రీలైనచో రెండును సమానమగును. పెద్ద కారులో ఈ త్రోపును మోయుటకు తగిన బేరింగులు అమర్చబడి యుండును. చిన్న బండిలో పినియన్‌ను పట్టియుంచునది ఒక్క చిన్న మర మాత్రమే. ఆపినపుడును, వెనుకకు నడిపినపుడును త్రోపు దిశ మారుచుండును. ఇరుసు ఇటు నటు కదలి, పళ్ళును, బేరింగులును త్వరగా అరుగును.

ఇంతకంటె ముఖ్యమైనది మార్పిడి. 20 పళ్ళ పినియన్, 80 పళ్ళ పెద్ద గేరు కలిసినచో వేగము నాల్గవ వంతునకు తగ్గి, లాగు బలము పెరుగును. మైదానమును బట్టి 18 పళ్ళదో, 22 పళ్ళదో మార్చి చూచుటలోనే విద్యార్థి నేర్చునది ఎంతయో కలదు. నేరుపళ్ళ గేర్లలో పంటి కొలత ఒక్కటియైనచో ఏ పినియనైనను ఆ పెద్ద గేరుతో కలియును. మోటారును కొద్దిగా జరిపి, పళ్ళ నడుమ పలుచని కాగితపు ముక్క నుంచి బిగించి, పిదప కాగితమును తీసివేసినచో కావలసిన సందు ఏర్పడును. వాలుపళ్ళకు కొలత ఒక్కటి చాలదు. వాలు కోణము సమానముగా నుండవలెను. ఒకటి కుడివాటము, రెండవది ఎడమవాటము కావలెను. మాడ్యూల్ 0.6 గల ఈ 20, 80 పళ్ళ నేరు జతకు ఇరుసుల నడుమ దూరము 30 మిల్లీమీటర్లు. అదే కొలతతో 20 డిగ్రీల వాలునకు సుమారు 31.9 మిల్లీమీటర్లు కావలెను. ఉన్న చట్రములో అది ఇముడకపోవచ్చును.

రెండు ఎదురు వాలులు కలిపిన పళ్ళతో ప్రక్క త్రోపును రద్దు చేయవచ్చునను వాదమును మేము ఎరుగుదుము. 1919లో ఆంద్రే సిట్రోయెన్ స్థాపించిన కార్ల సంస్థ చిహ్నములోని రెండు కోణరేఖలు అట్టి పళ్ళ గుర్తులే. నేడు త్రీడీ ప్రింటరు వాటిని ప్లాస్టిక్కుతో సులభముగా చేయును. అయినను కోణము, వాటము కుదుర్చు చిక్కు తొలగదు. మెత్తని ప్లాస్టిక్కు పళ్ళు పదునైన లోహపు పినియన్ ముందు ఎంతో కాలము నిలువవు.

కావున మా మనవి ఇది. పళ్ళ నిష్పత్తిని ఎన్నడును మార్చనక్కరలేక, త్రోపును మోయు బేరింగులతో మూసియుంచిన గేరుపెట్టె యైనచో వాలుపళ్ళే ఉత్తమము. విప్పి, మార్చి, చెడగొట్టి, బాగుచేసి నేర్చుకొనవలసిన బండికి నేరుపళ్ళే తగినవి. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. కమిటీ వారు ఈ పనికి ధనము కేటాయించునపుడు ఒక్క ఖరీదైన తయారు బండిని కొని అద్దాల బీరువాలో నుంచుటకంటె, రెండు మూడు సాదా చట్రములు, పలు లెక్కల పళ్ళ పినియన్లు, కొలతకు ఒక వెర్నియర్ కాలిపర్ కొనుట మేలు. పోల్చి చూచుటకు వాలుపళ్ళ జత ఒకటి బల్లపై నుండిన చాలును.

బండి కొంత రొద చేయుననుట నిజము. అధ్యయనము సాగు వేళలలో దానిని మైదానము చివరకు తీసికొనిపోవుదము. చప్పుడు లేని బండిని బీరువాలో నుంచుకొనుటకంటె, చప్పుడు చేయు బండి ఏల చప్పుడు చేయుచున్నదో చెప్పగల విద్యార్థి మనకు ఎక్కువ గౌరవము తెచ్చును.