పంపు మోసేవాడి నెత్తురు ఎవరు పరీక్షిస్తారు?

మేళ్లచెరువు చుట్టుపట్ల పత్తి చేలల్లో మందు కొట్టే రోజులొస్తే, పొద్దుగూకాక కూలీల వాడల్లో మనకు వినపడే మాట ఒకటే: "కళ్లు మసకలు గమ్మినయన్నా, కడుపులో తిప్పుతున్నది." "ఎండదెబ్బ తగిలిందిరా, మజ్జిగ తాగి పండుకో" అంటాడు కామందు. మేమూ చాలాకాలం అదే అనుకున్నాం. నోట చొంగ కారడం, ఒళ్లంతా చెమట పోయడం, కనుపాప సూదిమొనంత కావడం ఎండదెబ్బ గుర్తులు కావని డాక్టర్లను అడిగి తెలుసుకున్నాం.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు పురుగును చంపే దారీ, మనిషిని పడగొట్టే దారీ ఒకటే. నరం తన కబురును ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థంతో పంపుతుంది. కబురు చేరగానే దాన్ని కోలినెస్టరేజ్ అనే ఎంజైము తుడిచేయాలి. మందు ఆ ఎంజైమును బిగించేస్తుంది. సాగర్ కాలువ కింద బతికేవాళ్లకు తూము పోలిక చాలు: తలుపు దిగకపోతే నీళ్లు ఆగవు. కళ్లు, నోరు, పేగులు, ఊపిరితిత్తులు అన్నీ స్రవిస్తూనే ఉంటాయి. కండరాలు మొదట అదురుతాయి, తర్వాత చచ్చుబడతాయి.

ఇక ఆమ్లం సంగతి. ఒంట్లో పుట్టే ఆమ్లాన్ని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కలిసి బయటికి పంపాలి. గొంతులో కఫం నిండి శ్వాస ఆగుతుంటే బొగ్గుపులుసు వాయువు లోపలే పేరుకుంటుంది. విరేచనాల్లో క్షారం పోతుంది. నీరు తగ్గి రక్తపోటు పడిపోతే మూత్రపిండం కూడా చేతులెత్తేస్తుంది. ఎట్లాగూ కిడ్నీ జబ్బు ఉన్న మనిషైతే తట్టుకునే శక్తి ఇంకా తక్కువ. విరుగుడుగా ఇచ్చే ప్రాలిడాక్సిమ్ మూత్రం ద్వారానే పోవాలి గనుక, కిడ్నీ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అట్రోపిన్‌ను మాత్రం ఊపిరితిత్తుల్లో తడి ఆరేదాకా మళ్లీ మళ్లీ ఎక్కించాల్సి ఉంటుంది. అందుకే డబ్బాను ఆసుపత్రికి వెంట తీసుకుపోవాలని చెబుతున్నాం. అది పారాక్వాట్ అనే గడ్డి మందైతే కథ వేరు. మూత్రపిండాలను, ఊపిరితిత్తులను కాల్చే ఆ మందుకు విరుగుడే లేదు.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. అంతకుముందు, 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో మన దేశపు పత్తి గ్రామాల ఆడవాళ్లు తమ ఇళ్లల్లో విషపు గుర్తులను సీజనంతా రాసిపెట్టారు. పెద్ద రైతులకంటే పేద రైతులే ఎక్కువసార్లు తీవ్రంగా దెబ్బతిన్నారు. మందు కలిపి డబ్బాలు నింపే ఆడవాళ్లకూ పంపు మోసేవాడితో సమానంగా ప్రమాదముందని తేలింది. ఆడకూలీ మందు కొట్టదు గదా అనేవాళ్లు ఇది వినాలి.

చట్టం లేక కాదు. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమాలు, ఈ జాతి మందులతో పనిచేసేవాళ్ల రక్తంలో కోలినెస్టరేజ్‌ను నెలనెలా కొలవాలంటున్నాయి. మన వాడల్లో ఆ పరీక్ష పేరు విన్నవాళ్లను మేము చూడలేదు. రెండెకరాల కౌలురైతు ఎట్లా చేయిస్తాడు? పంపు వాడి భుజం మీదే ఉంటుంది, అప్పు కూడా వాడి నెత్తిమీదే. మందు అమ్మి లాభం తీసేది కంపెనీ. అమ్మకానికి లైసెన్సు ఇచ్చేది సర్కారు. పరీక్ష ఖర్చు ఆ ఇద్దరిదే.

వచ్చే సీజన్‌లో పంపులు భుజాలకెక్కేలోపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్ నిల్వ ఎంతుందో గ్రామసభలో అడుగుదాం. రక్త పరీక్ష ఏ తారీఖున పెడతారో కాగితం మీద రాయించుకుందాం.